ఇంటికొచ్చిన సిపాయి కోసం: ఫీల్డ్ మార్షల్ కరియప్ప



సాలూరు పేరు చెబితే బయటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది లారీలు. ఆ లారీలు నడిపినవాళ్ళలో, బాగుచేసినవాళ్ళలో మిలిటరీలో పని నేర్చుకుని వచ్చినవాళ్ళు కొందరు ఉండేవారని మన తరంవాళ్ళకు తెలుసు. పిల్లలందరికీ వాళ్ళ యుద్ధం కథలే కావాలి. నలభై ఏళ్ళు నిండకుండానే యూనిఫాం విప్పి ఇంటికొచ్చిన మనిషి ఆ తర్వాత ఎలా బతుకుతాడన్నది కథల్లోకి రాదు. ఆ సంగతి పట్టించుకున్న పెద్దమనిషి ఫీల్డ్ మార్షల్ కరియప్ప. భారత సైన్యానికి మొదటి భారతీయ అధిపతిగా ఆయన అందరికీ తెలుసు. మాజీ సైనికుల సంఘాన్ని నిలబెట్టిన మనిషిగా తెలిసినవారు తక్కువ. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాను.

కరియప్ప 1899 జనవరి 28న కొడగులోని శనివారసంతెలో పుట్టారు. తండ్రి మాదప్ప రెవెన్యూ శాఖ ఉద్యోగి. మడికేరిలో హైస్కూలు చదువు పూర్తిచేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో భారతీయ సిపాయిలు లక్షల మంది పోరాడినా, పూర్తి అధికారాలున్న ఆఫీసర్లుగా భారతీయులకు దాదాపు చోటు లేదు. యుద్ధం చివర్లో ఆ తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఇండోర్‌లోని డాలీ కాలేజీలో శిక్షణ పొందిన తొలి జట్టులో కరియప్ప ఒకరు. 1919 డిసెంబరులో ఆఫీసరయ్యారు.

అక్కడి నుంచి ఆయన ప్రతి మెట్టూ ఒక మొదటి మెట్టే. 1933లో క్వెట్టా స్టాఫ్ కాలేజీలో అడుగుపెట్టిన మొదటి భారతీయ ఆఫీసరు ఆయన. 1942లో ఒక బెటాలియన్‌కు కమాండరైన మొదటి భారతీయుడూ ఆయనే. రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలోనూ, ఆ తర్వాత బర్మా వైపూ పనిచేశారు. 1948లో కాశ్మీరు యుద్ధం నడిచిన పశ్చిమ కమాండ్ బాధ్యత ఆయనది. ఆ ఏడాది నవంబరులో పదకొండు వేల అడుగుల పైనున్న జోజిలా కనుమ మీదికి ట్యాంకులు ఎక్కించి, లడఖ్ దారి తెరిచారు. మన సాలూరు నుంచి కోరాపుట్ ఘాటు ఎక్కే లారీ ఎంత రొప్పుతుందో తెలిసినవాళ్ళకు ఆ పని ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

1949 జనవరి 15న జనరల్ రాయ్ బుచర్ చేతుల నుంచి ఆయన సైన్యాధిపత్యం స్వీకరించారు. ఏటా ఆ రోజునే ఆర్మీ డే జరుపుకుంటున్నాం. ఆయన హిందీ అంతంతమాత్రం. ఆ మాటల మీద సైన్యంలో ఎన్నో హాస్య కథలు పుట్టాయి. అయినా సిపాయిలు ఆయన్ని తమ మనిషిగానే చూసుకున్నారు.

1953లో రిటైరయ్యేసరికి ఆయనకు యాభై నాలుగేళ్ళు నిండబోతున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో మన హైకమిషనర్‌గా 1956 దాకా పనిచేసి మడికేరిలోని ఇంటికి చేరారు. ఆ స్థాయి మనిషి మిగిలిన జీవితం కాఫీ తోటల మధ్య హాయిగా గడిపేయవచ్చు. ఆయన మాత్రం తన కింద పనిచేసి ఇంటికెళ్ళినవాళ్ళ గురించి ఆలోచించారు.

అప్పటికి వాళ్ళ పరిస్థితి ఇదీ. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలు దాటింది. యుద్ధం ముగియగానే లక్షల మందిని ఇళ్ళకు పంపేశారు. తక్కువ కాలం పనిచేసినవాళ్ళకు పెన్షను లేదు. మన రాష్ట్రంలోనే పశ్చిమ గోదావరి వైపు మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన ఊరివాళ్ళ కోసం అక్కడ స్మారక స్తంభం ఉంది. చనిపోయినవాళ్ళను ఊరు గుర్తుపెట్టుకుంది. బతికొచ్చినవాళ్ళకు కావలసింది ఉద్యోగం, వైద్యం, కాగితాల పనిలో సాయం.

ప్రభుత్వం అసలేమీ చేయలేదని కాదు. 1919లోనే ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు, జిల్లాల్లోని సైనిక సంక్షేమ కార్యాలయాలకు అదే మూలం. కానీ బోర్డు ప్రభుత్వానిది. సిపాయి అక్కడికి అర్జీ పట్టుకుని వెళ్ళాలి. సంఘం అలా కాదు. అందులో అతను సభ్యుడు, అతనికి ఓటుంది, అతని తరఫున మాట్లాడే మనిషి ఉంటాడు. బ్రిటన్‌లో 1921లోనే నాలుగు మాజీ సైనిక సంఘాలు కలిసి బ్రిటిష్ లీజియన్‌గా ఏర్పడ్డాయి. వాళ్ళ సేనాధిపతి హేగ్ దానికి అధ్యక్షుడయ్యారు. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు ముందుంటే మామూలు సిపాయి మాట కూడా ఢిల్లీకో లండన్‌కో వినబడుతుందన్నది ఆ అనుభవం.

మన దేశంలో ఆ పని 1964లో జరిగింది. కరియప్ప ముందు నిలిచి ఇండియన్ ఎక్స్-సర్వీసెస్ లీగ్‌ను స్థాపించారు. అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్ళు. సైన్యం, నౌకాదళం, వాయుసేన మూడింటి మాజీలనూ, జనరల్ నుంచి జవాను దాకా, ఒకే గొడుగు కిందికి తేవడం దాని ఉద్దేశం. సైన్యంలో హోదాలే ప్రాణం. అలాంటి మనుషులను ఒకే సంఘంలో సభ్యులుగా కూర్చోబెట్టడం ఎంత కష్టమో మన సంఘం నడిపేవాళ్ళు ఊహించగలరు.

మాటకూ చేతకూ తేడా లేదని మరుసటి ఏడాదే రుజువైంది. 1965 యుద్ధం చివరి రోజుల్లో ఆయన కొడుకు నంద కరియప్ప నడుపుతున్న హంటర్ విమానం కూలి, పాకిస్తాన్‌కు యుద్ధఖైదీగా చిక్కారు. అప్పటి పాక్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ ఒకప్పుడు కరియప్ప కింద పనిచేసినవాడే. కబురు పంపి, కొడుకును విడిచిపెట్టడానికి సిద్ధపడ్డాడు. తన కొడుక్కి ప్రత్యేకం ఏమీ వద్దని, ఖైదీలందరినీ ఒకేలా చూడమని కరియప్ప కోరారు. కొడుకు మిగతావాళ్ళతో పాటు నెలల తరబడి అక్కడే ఉండి, 1966లో తిరిగొచ్చారు.

ఆయనలో లోపాలు లేవని నేననను. రాజకీయాలపై ఆయన చెప్పిన కొన్ని అభిప్రాయాలు విమర్శలకు గురయ్యాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ముంబై నుంచి పోటీ చేసి ఓడిపోయారు. సైన్యంలో సంపాదించిన గౌరవం ఓట్లుగా మారలేదు. కానీ ఆయన నాటిన సంఘం నిలిచింది, ఈనాటికీ పనిచేస్తోంది. 1986లో, ఎనభై ఏడేళ్ళ వయసులో, ఆయనకు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చారు. 1993 మే 15న బెంగళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు మడికేరిలో జరిగాయి.

ఈ జీవితం మన సంచికలో ఎందుకంటే, ఆయన ముందున్న ప్రశ్న ఇప్పుడు మన గుమ్మంలోకి వచ్చింది. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో చేరిన కుర్రాళ్ళు నాలుగేళ్ళు పనిచేస్తారు. వారిలో గరిష్ఠంగా నూటికి పాతికమందినే సైన్యంలో ఉంచుకుంటారని అప్పుడు ప్రకటించారు. మిగిలినవాళ్ళు సేవానిధి కింద సుమారు 11.7 లక్షల రూపాయలతో ఇంటికొస్తారు. పెన్షను ఉండదు, మాజీ సైనికుడనే హోదా కూడా రాదు. కాబట్టి వాళ్ళకు పాత దారులు చాలావరకు మూసుకున్నట్టే. తొలి జట్టుకు నాలుగేళ్ళు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. మన్యంలోనూ, మైదానంలోనూ సైన్యం మీద ఆశ పెట్టుకున్న పిల్లలు మనకు తెలిసినవాళ్ళే.

చిన్న వయసులోనే ఇంటికొచ్చే ఆ కుర్రాడి చేతిలో ఏదో ఒక పని ఉంటుంది. ఇంజను, వైర్‌లెస్, వంట, నర్సింగ్, ఏదైనా కావచ్చు. ఆ పనికి బయట విలువ కట్టే మనిషి కావాలి. మనలో ఇంజనీర్లున్నారు, లారీ యజమానులున్నారు, ఆఫీసర్లున్నారు, ఉపాధ్యాయులున్నారు. సైన్యానికి వెళ్ళిన, వెళ్ళొచ్చిన మన పూర్వ విద్యార్థుల పేర్లతో సంఘం ఒక రిజిస్టరు తెరవాలని, ఒక్కొక్కరికి మనలో ఒకరు తోడుండాలని నా మనవి. కరియప్ప అంతటివాడు అరవై అయిదేళ్ళకు మొదలుపెట్టిన పని ఇది. మనలో చాలామంది ఆ వయసుకు ఇంకా చేరలేదు.