చంద్రకాంతమణి కథకుడు విల్కీ కాలిన్సు

ఢిల్లీ ఎర్రకోటకు పిల్లలతో వెళ్ళెడి తెలుగు కుటుంబములు దివాన్-ఇ-ఖాస్ ఎదుట ఒక్క క్షణము నిలుచుట పరిపాటి. నెమలి సింహాసనము ఒకప్పుడు ఇచటనే ఉండెడిదని పెద్దలు చెప్పుదురు. 1739లో నాదిర్‌షా ఆ సింహాసనమును, దానితోపాటు కోహినూరు వజ్రమును పారసీక దేశమునకు తరలించుకొని పోయినాడు. ఆ వజ్రము కృష్ణాతీరమున పల్నాటి కొల్లూరు గనులలో పుట్టినదని ప్రతీతి. ఆ గనులు ఉన్న తావు నేడు పులిచింతల జలాశయము క్రింద మునిగి ఉన్నది. వజ్రము మాత్రము చేతులు మారి, 1849లో లాహోరున ఆంగ్లేయుల వశమై, మరుసటి యేట లండను చేరినది.

భారతదేశము నుండి అపహరింపబడిన మణి ఎవరికి చెందవలెనన్న ప్రశ్నను ఒక ఆంగ్ల రచయిత తన నవలకు మూలముగా గ్రహించినాడు. ఇంగ్లీషున అపరాధ పరిశోధక నవలకు రూపము దిద్దిన వారిలో అగ్రగణ్యుడైన ఆ రచయిత విల్కీ కాలిన్సు.

కాలిన్సు 1824 జనవరి 8వ తేదీన లండనులో జన్మించినాడు. తండ్రి విలియం కాలిన్సు పేరుపొందిన ప్రకృతి దృశ్య చిత్రకారుడు. పొట్టివాడు, నుదురు ఒక వైపు ఉబ్బినవాడు అగు ఈ బాలునికి వసతి పాఠశాలలో ఒక విచిత్రమైన శిక్ష తప్పలేదు. గదిలో పెత్తనము చేయు పెద్ద విద్యార్థి రాత్రులందు కథ చెప్పుమని నిర్బంధించెడివాడు. చెప్పనిచో దెబ్బలు పడెడివి. వినువాని ఆసక్తి సడలకుండ కథ నడుపుట కాలిన్సు ఆ విధముగా నేర్చినాడు.

1841లో తండ్రి ఆతనిని ఒక తేయాకు వర్తక సంస్థలో గుమాస్తాగా చేర్చినాడు. అయిదేండ్లు ఆ కొలువు సాగినది. మనస్సు మాత్రము లెక్కలపై నిలువలేదు. ఆఫీసు బల్లపైననే కథలు, నాటకములు వ్రాసుకొనెడివాడు. పిమ్మట న్యాయశాస్త్రము చదివి 1851లో బారిస్టరు అయినాడు గాని, వృత్తి చేపట్టలేదు. అయినను ఆ చదువు వృథా కాలేదు. సాక్ష్యము అనగా నేమి, ప్రత్యక్షముగా చూచిన దానికిని ఊహించిన దానికిని గల భేదమేమి అను వివేకము ఆతని రచనకు పునాది అయినది.

ఆ సంవత్సరమే చార్లెస్ డికెన్సుతో పరిచయము కలిగినది. పన్నెండేండ్లు పెద్దవాడైన డికెన్సు ఆతనికి మిత్రుడై, తన పత్రికలో స్థానము కల్పించినాడు. 1859 నవంబరులో డికెన్సు పత్రికయందు ఆరంభమైన ‘ది వుమన్ ఇన్ వైట్’ కాలిన్సును కీర్తి శిఖరమునకు చేర్చినది. ఆ పేరుతో అత్తరులు, టోపీలు, నృత్యగీతములు సైతము అంగళ్ళలో వెలసినవి.

ఆ నవలలో కాలిన్సు అవలంబించిన పద్ధతి మన ఉద్యోగులకు సులభముగా బోధపడును. కథ ఒక్కరు చెప్పరు. న్యాయస్థానమున సాక్షులు ఒకరి తరువాత ఒకరు వచ్చినట్లు, ప్రతి పాత్రయు తాను ఎరిగినంత మాత్రమే వ్రాయును. ఆఫీసు ఫైలులో ఒక్కొక్కరి నోటు చదువుచు నిజమును తేల్చుకొనునట్లు, పాఠకుడే న్యాయాధిపతియై తీర్పు చెప్పుకొనవలెను. ఇట్టి నిర్మాణములో ఒక్క తేదీ తప్పినను గోడ బీటలు వారును. ఆ నవలలోని రోజుల లెక్కలో దాదాపు పక్షము తేడా ఉన్నదని ‘టైమ్స్’ పత్రిక విమర్శకుడు చూపగా, కాలిన్సు వాదమునకు దిగక తరువాతి కూర్పులో దానిని సవరించినాడు.

1868 జనవరి 4న ‘ది మూన్‌స్టోన్’, అనగా చంద్రకాంతమణి, వారము వారము వెలువడ నారంభించినది. కోహినూరు గాథయు, రష్యా రాజదండమున పొదిగిన వజ్రపు గాథయు తన కథకు ఆధారములని కాలిన్సు పీఠికలో తెలిపినాడు. 1799లో శ్రీరంగపట్టణము పతనమైన నాడు ఒక ఆంగ్ల సేనాని హత్య చేసి మణిని దొంగిలించుటతో కథ మొదలగును. ఆ మణి ఇంగ్లండులో ఒక కన్యకు జన్మదిన కానుకగా చేరి, ఆ రాత్రియే మాయమగును. దానిని వెదకుచు మువ్వురు బ్రాహ్మణులు సముద్రము దాటి వత్తురు.

నేర పరిశోధనకు వచ్చిన సార్జెంటు కఫ్, గులాబీ తోటలపై మక్కువ గల నెమ్మదస్థుడు. ఆ పాత్రకు ఛాయ స్కాట్లండ్ యార్డు ఉద్యోగి జోనథన్ విచరు. 1860లో రోడ్ అను గ్రామమున జరిగిన శిశుహత్యలో ఆతడు ఇంటి ఆడపడుచునే అనుమానించి, లోకము చేత నిందింపబడినాడు. అయిదేండ్లకు ఆమె నేరము ఒప్పుకొనినది. ఆ కేసులో కనపడకుండ పోయిన రాత్రి దుస్తు, కాలిన్సు కథలో రంగు మరక గల దుస్తుగా మారినది.

ఈ నవల వ్రాయునాటికి రచయిత కీళ్ళవాతముతో మంచము పట్టియుండెను. ఆ మార్చిలోనే తల్లి మరణించినది. బాధ నోర్వలేక నల్లమందు ద్రావకమును సేవించెడివాడు. పత్రిక మాత్రము వారము తప్పరాదు. మంచము నుండి చెప్పుచు వ్రాయించితినని తరువాత ఆతడే చెప్పుకొనెను. కాని మిగిలియున్న వ్రాతప్రతిలో ఇతరుల దస్తూరి కొద్ది పుటలలోనే కలదు. అంతటి బాధలోను కలము ఆతని చేతిలోనే ఉండెనన్నమాట. కథలోని రహస్యమునకు తాళపు చెవి కూడ నల్లమందే. ఆ చిక్కు విప్పు ఎజ్రా జెన్నింగ్స్ రోగబాధకు నల్లమందునే ఆశ్రయించిన వైద్య సహాయకుడు. దొంగ ఎవరో ఇచట చెప్పుట చదువబోవువారికి అన్యాయమగును.

ముగింపు మాత్రము చెప్పదగినదే. మణి సోమనాథమున చంద్రదేవుని నుదుటికే మరల చేరును. ఆ బ్రాహ్మణులు హత్యకు వెనుదీయనివారే. అయినను మొదటి దొంగతనము ఆంగ్లేయునిదని కాలిన్సు మరువలేదు. 1857 గడచి పదకొండేండ్లే అయిన దినములలో, ఆంగ్ల పాఠకుల ఎదుట ఇట్లు వ్రాయుటకు గుండె నిబ్బరము కావలెను.

ఆతని గృహజీవనము లోకరీతికి భిన్నమైనది. వివాహము లేకయే కరొలైన్ గ్రేవ్స్, మార్తా రడ్ అను ఇరువురు స్త్రీల సంసారములను పోషించినాడు. మార్తా వలన మువ్వురు బిడ్డలు కలిగిరి. ఆ స్త్రీలకు సంఘమున గౌరవము దక్కలేదు. ఆ నింద వారికి మిగిల్చినవాడు తానే అయినను, వీలునామాలో ఇరువురకు సమముగా పంచి ఋణము కొంత తీర్చుకొనినాడు.

వ్యాధియు నల్లమందును పెరుగుకొలది రచనలో పూర్వపు పట్టు సడలినది. 1889లో ‘బ్లైండ్ లవ్’ వ్రాయుచుండగనే పక్షవాతము వచ్చినది. నవలను పూర్తిచేయుమని వాల్టర్ బెసంటును కోరి, తన టిప్పణములను పంపినాడు. ప్రతి ఘట్టము, కొన్ని చోట్ల సంభాషణలు సైతము అందులో సిద్ధముగా ఉండుట చూచి బెసంటు ఆశ్చర్యపడెను. బదిలీపై పోవు ఉద్యోగి, వచ్చువానికి ఒక్క కాగితము లోపించకుండ అప్పగించినట్లు, కాలిన్సు తన పనిని అప్పగించి సెప్టెంబరు 23న కన్నుమూసినాడు.

అప్పటికి రెండేండ్ల ముందే కానన్ డాయిల్ కలమున షెర్లాక్ హోమ్స్ అవతరించి యుండెను. తరువాతి శతాబ్దమున కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరు వెంట తెలుగు పాఠకులు పరుగులు తీసిరి. అపరాధ పరిశోధక నవల ఆ విధముగా మన ఇండ్లకును చేరినది. కాలిన్సు తన కథలోని మణిని దాని తావునకు చేర్చగలిగినాడు. కోహినూరు మాత్రము నేటికిని లండను కోటలోనే ఉన్నది.