నిధికి రక్ష: బ్రౌను దొరగారి జీవితము

లోకమున వస్తువులను సేకరించువారు పలువురు గలరు. సేకరించినదానిని తమ తరువాతివారికి చెక్కుచెదరకుండ అందింపగలిగినవారు మాత్రము అరుదు. మన విద్యార్థులలో కొందఱు తపాలా బిళ్ళలను, కొందఱు పాత నాణెములను, మఱికొందఱు క్రికెటు ఆటగాండ్ర బొమ్మలు గల కార్డులను కూడబెట్టుచుందురు. పెద్దలు వానిని పిల్లల ఆటవస్తువులని త్రోసివేయుట కలదు. అయినను అమెరికా దేశమున 1909 మొదలు 1911 వఱకు సిగరెట్టు పెట్టెలలో నుంచి పంచిన కార్డులలో, హోనస్ వాగ్నరు అను బేస్‌బాల్ ఆటగాని బొమ్మ గల కార్డు ఒకటి 2022లో 72,50,000 డాలర్లకు అమ్ముడుపోయెను.

ఇట్టి విలువగల సంచయము గలవారు దానిని బీమా చేయింతురు. ఇంటికి చేయించిన సామాన్య బీమా ఇట్టి వస్తువులకు చాలినంత సొమ్ము నీయదు గనుక, సంచయమును వేఱుగా పేర్కొని బీమా చేయింపవలసి యుండును. అపుడు బీమా కంపెనీవారు ప్రతి వస్తువు పేరు గల పట్టికను, ఛాయాచిత్రములను, నిపుణుడు కట్టిన విలువను అడుగుదురు. అగ్నివలనను దొంగలవలనను నష్టము కలిగినచో ఆ విలువ నిత్తురు. కాని చెమ్మ, పురుగు, కాలక్రమమున కలుగు శైథిల్యము అనువానికి సాధారణముగా వారు పూచీపడరు. మఱియు వారిచ్చునది సొమ్మే కాని పోయిన వస్తువు కాదు.

అట్లయినచో, లోకమున రెండవ ప్రతి లేనిదియు, చెమ్మయు చెదలును ప్రధానశత్రువులుగా గలదియు నగు నిధిని ఎవరు బీమా చేయగలరు? ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా నొసగిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు. ఆయన సేకరించిన నిధి తెలుగు తాళపత్ర గ్రంథములు.

బ్రౌనుగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీని కలకత్తా నగరమున జన్మించిరి. తండ్రియైన డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ బోధకులు. అనేక భాషలయం దభిరుచి గలవారు. 1812లో తండ్రి గతింపగా కుటుంబము ఇంగ్లండునకు వెడలెను. బాలుడు హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు తగిన విద్య నభ్యసించి, 1817వ సంవత్సరము ఆగస్టు నెలలో చెన్నపట్టణమున దిగెను. అప్పటి కాయనకు తెలుగు అక్షరము రాదు. సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు గురువైరి. 1820లో తెలుగు పరీక్షయందు కృతార్థుడై, ఆ యేడే కడప కలెక్టరుకు సహాయకుడుగా నియమింపబడెను.

కడపలో దొరగారికి ఒక విషయము బోధపడెను. ప్రజలు తెలుగు మాటలాడుచున్నారు, పాడుచున్నారు. కాని ఆ భాషలోని గ్రంథములు చదువగోరినచో చేతికి దొరకుట దుర్లభముగా నుండెను. నాడు తెలుగున అచ్చుపుస్తకము లత్యల్పము. గ్రంథములన్నియు తాటియాకులపై గంటముతో వ్రాయబడినవి. తాటియాకు ఎండలో పెళుసగును, వానలో బూజు పట్టును, పురుగు తొలిచినచో జల్లెడయగును. అందుచేత పూర్వులు కొన్ని తరముల కొకమాఱు ప్రతి వ్రాయించుచుండిరి. రాజులును పాళెగాండ్రును ఉన్నంతకాలము ఆ వ్రాతకు పోషణ కలిగెను. వారి ఏలుబడి అంతరింపగా వ్రాయసకాండ్రకు కూలి నిచ్చువారు లేకపోయిరి. ప్రతి వ్రాయుట నిలిచినచో గ్రంథమునకు ఆయువు తీరినట్లే. ఒక్క అగ్నిప్రమాదము గాని దొంగతనము గాని లేకయే ఒక వాఙ్మయమంతయు నశింప సిద్ధముగా నుండెను.

తరువాత బ్రౌనుగారు మచిలీపట్టణమున కొలువు చేయుచు, ఫ్రెంచి మిషనరీయైన డుబాయిగారి గ్రంథమువలన వేమన పేరు తెలిసికొనిరి. ఆ వేమనకు సమాధిస్థానమని చెప్పబడు కటారుపల్లె మన కదిరి ప్రాంతముననే యున్నది. పండితులు ఆ పద్యములను మోటు కవిత్వమని గణింపకుండిరి. దొరగారు వేర్వేఱు తావుల నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూచి, ఏ పద్యము ఏ ప్రతిలో నెట్లున్నదో పట్టిక వేయించిరి. ఇట్లు 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో నచ్చొత్తించిరి. అంతటితో తృప్తి చెందక మఱల వెదకించి, 1839లో 1164 పద్యములను వెలువరించిరి. వెదకిన కొలది దొరకుటయే, వెదకనిచో ఎంత పోయెడిదో తెలుపుచున్నది.

1826 ప్రాంతమున బ్రౌనుగారు మఱల కడపకు వచ్చి, అచ్చట తోటతో కూడిన బంగళాను కొనిరి. అది క్రమముగా పండితుల కార్యశాల యయ్యెను. జూలూరి అప్పయ్యగారు, వఠ్యం అద్వైత బ్రహ్మయ్యగారు మొదలగు పండితులచ్చట పనిచేసిరి. అయోధ్యాపురం కృష్ణారెడ్డిగారు ఆ కార్యమునకు తోడైరి. జీతము లిచ్చినది ప్రభుత్వము కాదు. దొరగారు తమ జీతమునుండియే ఇచ్చిరి. చాలనపుడు అప్పు తెచ్చియు ఇచ్చిరి.

అచ్చటి పనితీరు మనము గమనింపదగినది. మొదట గ్రంథమునకు లభించినన్ని ప్రతులు తెప్పించుట. తరువాత వానిని కాగితముపై శుభ్రముగా వ్రాయించుట. ఒకరు చదువ, మఱియొకరు సరిచూడ, పాఠభేదములను గుర్తించుట. పద్యములకు సూచిక కట్టుట, కఠినపదములకు అర్థము వ్రాయించుట, పిదప పుస్తకముగా కుట్టించుట. తాటియాకు ఒకచోట, కాగితపు ప్రతి వేఱొకచోట ఉండగా, ఒకటి పోయినను రెండవది మిగులును. బీమా కంపెనీవారు నేడు కోరు పట్టికయు, చిత్రమును, నిపుణుని నిర్ణయమును ఆయన నాడే సిద్ధపఱచెను. భేదమేమనగా, బీమా పత్రము నష్టము జరిగిన పిదప పనికివచ్చును. ఈ పత్రము నష్టమునే జరుగనీయదు. ఆ కాలమున బీమా తెలియనిది కాదు. 1818లోనే కలకత్తాలో ఓరియంటల్ జీవితబీమా సంఘము వెలసినది. కాని పురుగు తొలిచిన కావ్యమునకు పరిహార మిచ్చు సంఘము నాడును లేదు, నేడును లేదు.

1830ల నడుమ బ్రౌనుగారు కొన్ని సంవత్సరములు లండనులో నుండవలసివచ్చెను. అచ్చట ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశ భాషలలోని వ్రాతప్రతులు రెండు వేలకు పైగా పడియుండుట ఆయన చూచిరి. వానికి దొంగల భయము లేదు, చెదల భయమును తక్కువ. అయినను చదువువారు లేరు. బ్రౌనుగారు వానికి పట్టిక సిద్ధము చేసి, అవి చెన్నపట్టణమునకు మఱల చేరునట్లు ప్రయత్నించి కృతార్థులైరి. భద్రముగా నుండుట యనగా తాళము వేయబడి యుండుట మాత్రమే కాదు, చదువగలవారికి అందుబాటులో నుండుట యని ఆయన తలంపు. మేము ఈ జీవితమున మిక్కిలి గౌరవించు ఘట్టములలో నిది యొకటి.

ఇట్టిదే మఱియొక నిధి కలదు. కాలిన్ మెకంజీ అను సర్వే అధికారి, కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయమున గ్రామములు తిరిగించి, కైఫీయతులను, శాసనముల నకళ్లను, వ్రాతప్రతులను అపారముగా సేకరించెను. 1821లో ఆయన మరణింపగా, ఆయన భార్యవద్ద నుండి కంపెనీవారు దానిని 10,000 పౌనులకు కొనిరి. వెల కట్టబడినది, సొమ్ము చెల్లింపబడినది. కాని సంచయము లండను, కలకత్తా, చెన్నపట్టణములకు చీలిపోయెను. చెన్నపట్టణపు భాగములో కాగితములు జీర్ణింపసాగెను. వెల కట్టినంత మాత్రమున రక్ష కలుగదనుట కింతకన్న నిదర్శనము కావలయునా? బ్రౌనుగారు పూనుకొని ఆ స్థానిక చరిత్రలకు మఱల ప్రతులు వ్రాయించిరి.

మన జిల్లావారు ఆయనకు వేఱుగా ఋణపడి యున్నారు. హండె వంశపు ప్రభువుల కాలమునాటి సంగతులను తెలుపు అనంతపుర చరిత్రను, 1750 మొదలు 1810 వఱకు గల కాలమున తెలుగులో వ్రాయబడినదానిని, ఆయన ఆంగ్లీకరించి 1853లో చెన్నపట్టణమున అచ్చొత్తించిరి. ఈ సీమలోని కోటలు, పాళెగాండ్ర కలహములు, రైతుల కడగండ్లు పరాయివారి లెక్కల వలన గాక మనవారి వ్రాతవలన లోకమునకు తెలియుటకు అది కారణమయ్యెను.

లండను నుండి మఱలి వచ్చిన పిదప బ్రౌనుగారు చెన్నపట్టణమున అనువాదకులుగను, పోస్టుమాస్టరు జనరలుగను పనిచేసిరి. 1840లో తెలుగు వ్యాకరణమును, 1852లో ప్రసిద్ధమైన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. కావ్యభాషలోని మాటలతో పాటు సామాన్యుల నోటి మాటలను గూడ అందు చేర్చిరి. పలికి వదలిన మాట వ్రాతప్రతికన్నను త్వరగా నశించునది గదా! నేటి విద్యార్థి ఆ నిఘంటువును తెఱచి, మన తాతల ఇండ్లలోని మాట నొకదానిని చూచి సంతోషించుట మేమెఱుగుదుము.

ఇక ఆయన గ్రంథసంచయము మాట. దానిని తన ఆస్తిగా నుంచుకొని, ఇంగ్లండునకు తీసికొనిపోయి అమ్మినచో అడ్డుపడువారు లేరు. అట్లు చేయక, 1840వ దశకమున దానిని చెన్నపట్టణపు లిటరరీ సొసైటీకి అప్పగించెను. కాలక్రమమున బ్రౌను సంచయమును మెకంజీ సంచయమును 1869లో వెలసిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు మూలధనమయ్యెను. సంచయకర్త బ్రతికియుండగనే, చేతితో పట్టిక వ్రాసి ఇచ్చిన కానుక యగుటచే, ఏది ఏదో చెప్పువాడు లేక చెదరిపోవు దుర్గతి దానికి తప్పెను.

బ్రౌనుగారు ఆరోగ్యము చెడగా 1854లో ఉద్యోగము విడిచి, మఱుసటి యేడు ఇంగ్లండునకు వెడలిరి. వివాహము చేసికొనలేదు. లండనులో తెలుగు ఆచార్యులుగా బోధించుచు, తన కృతులను దిద్దుకొనుచు శేషజీవితము గడిపి, 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీని పరమపదించిరి.

ఆయన కడప బంగళాకు పట్టిన గతి విచారింపదగినది. ఇటుకలతోను సున్నముతోను గట్టిన ఆ ఇల్లు కూలి, మొండిగోడలు మిగిలెను. ఇంటికైనచో ఏ కంపెనీయైనను బీమా పత్రము వ్రాసి యిచ్చును, తాటియాకునకు వ్రాయదు. అయినను ఇల్లు పోయెను, ఆకులలోని అక్షరము నిలిచెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన ఆ శిథిలముల తావున బ్రౌను స్మారక గ్రంథాలయము వెలసి, నేడు పరిశోధకులకు ఉపయోగపడుచున్నది.

అయితే బ్రౌనుగారొక్కరే ఈ కార్యము చేసిరని తలంచుట న్యాయము కాదు. గంటములు పట్టిన వ్రాయసకాండ్రు, పాఠములు సరిచూచిన పండితులు, అటకమీది కట్టను దించి యిచ్చిన గృహస్థులు లేనిచో ఆయన ధనమంతయు నిష్ప్రయోజనమై యుండును. మఱియు గ్రంథము పెద్ద నగరమునకు చేరినపుడు పుట్టిన ఊరు దానిని కోల్పోవుననుటయు నిజమే. మన అమరాపురమునకు చేరువనున్న హేమావతి సంగతి చూడుడు. నొళంబ రాజులకు రాజధానియైన ఆ ఊరి శిల్పస్తంభములు కొన్ని నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నవి. అవి అచ్చట క్షేమముగా నున్నవి. కాని మన పిల్లలు చూడగోరినచో దూరప్రయాణము చేయవలెను. కావున వస్తువు ఎచ్చట నున్నను, దాని ప్రతియు దాని పట్టికయు సొంత ఊరిలో నుండవలెననుట మా అభిప్రాయము.

విద్యార్థులారా! తెలుగును కన్నడమును కలిసి మెలిసి యుండు ఈ సరిహద్దు ప్రాంతమున, ఇంటి అటకలపై తాటియాకు కట్టలు, దస్తావేజులు, పాత ఉత్తరములు ఇంకను ఉండవచ్చును. వానిని చెత్తయని పొయ్యిలో వేయకుడు, తూకమునకు అమ్మకుడు. మొదట పెద్దల నడిగి అవి ఎవరివో, ఎప్పటివో వ్రాసికొనుడు. చెమ్మ తగులని చోట గుడ్డలో చుట్టి యుంచుడు. ఇప్పుడు ప్రతి ఇంట ఛాయాచిత్రము తీయు ఫోను కలదు. ప్రతి ఆకునకు ఇరువైపుల చిత్రము తీసి, రెండు చోట్ల భద్రపఱచుడు. చదువలేకున్నచో చదువగలవారికి చూపుడు. మీ క్రికెటు కార్డులకును, తపాలా బిళ్ళలకును ఇదే విధి. బ్రౌనుగారికి ముప్పది సంవత్సరముల కాలమును చేతినిండ అప్పును పట్టిన పనిలో మీ వంతు నేడు ఒక సెలవుదినమున ముగియును. ఈ వేసవి సెలవులలో ఒక్కొక్కరు ఒక్కొక్క పట్టికను సిద్ధము చేసి, పాఠశాల తెఱచిన దినమున మీ ఉపాధ్యాయులకు చూపుదురని నమ్ముచున్నాము.