కెమేరాను సామాన్యుని చేతికిచ్చిన జార్జ్ ఈస్ట్‌మన్

నేడు ప్రతి విద్యార్థి జేబులోనూ కెమేరా ఉంది. కాని 150 ఏళ్ల క్రితం ఊరి బయట ఫొటో తీయాలంటే సంసారం తరలించినంత పని. పెద్ద పెట్టె, ముక్కాలి స్టాండు, గాజు పలకలు, రసాయనాల సీసాలు, చీకటి కోసం గుడారం - ఇన్నీ ఉంటేనే ఒక్క బొమ్మ! ఆ బరువును దించిన మహనీయుడు జార్జ్ ఈస్ట్‌మన్.

ఆయన 1854 జూలై 12న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రపు వాటర్‌విల్‌లో పుట్టాడు. 1862లో తండ్రి పోయాడు. తల్లి రాచెస్టర్ పట్టణంలో ఇంటి గదులు అద్దెకిచ్చి, వాళ్లకు వండిపెట్టి పిల్లల్ని సాకింది. అబ్బాయి పద్నాలుగో ఏటనే బడి మానేసి, వారానికి 3 డాలర్ల జీతం మీద ఇన్సూరెన్సు ఆఫీసులో కుర్రాడిగా చేరాడు. 1874లో బాంకు గుమాస్తా అయ్యాడు.

ఒకసారి విహారయాత్ర తలపెట్టి ఫొటో సరంజామా కొన్నాడు. యాత్ర జరగలేదు గాని ఫొటో పిచ్చి పట్టుకుంది. అప్పట్లో గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి కడగాలి. ముందే పూసి ఆరబెట్టుకునే పలకల సంగతి ఇంగ్లండు పత్రికల్లో చదివి, పగలు బాంకులో, రాత్రి అమ్మ వంటింట్లో ప్రయోగాలు సాగించాడు. 1881లో పొడి పలకల కంపెనీ పెట్టి బాంకు ఉద్యోగం వదిలేశాడు. కొంతకాలానికి పలకలు చెడిపోతున్నాయని తెలిసి, అమ్మిన సరుకు వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చాడు. నష్టం వచ్చింది, నమ్మకం మిగిలింది.

పలకల వ్యాపారం నడుస్తుండగానే ఆయన వాటిని వెనక్కు నెట్టే చుట్ట ఫిల్ముకు పూనుకున్నాడు. 1888లో 25 డాలర్ల కొడక్ కెమేరా వచ్చింది. ఆ పేరుకు ఏ భాషలోనూ అర్థం లేదు. ఆయన కల్పించిందే! అందులో 100 బొమ్మలకు సరిపడా ఫిల్ము ఉండేది. తీయడం అయ్యాక కెమేరాను రాచెస్టర్‌కు పంపితే, 10 డాలర్లకు బొమ్మలు కడిగి, కొత్త ఫిల్ము వేసి తిప్పి పంపేవారు. 1889లో కాగితం ఫిల్ము స్థానంలో పారదర్శకమైన ఫిల్ము వచ్చింది. 1900లో వచ్చిన బ్రౌనీ కెమేరా ధర ఒక్క డాలరే.

అంతా మచ్చ లేని చరిత్రేమీ కాదు. అలాంటి ఫిల్ముకు అంతకు ముందే, 1887లో, హానిబల్ గుడ్విన్ అనే మతాచార్యుడు పేటెంటు కోరాడు. ఏళ్ల తరబడి నడిచిన దావాలో కొడక్ ఓడి, 1914లో 50 లక్షల డాలర్లు చెల్లించింది. అప్పటికి గుడ్విన్ బతికి లేడు.

కాలేజీ గడప తొక్కని ఈ మనిషి ఎం.ఐ.టి. విద్యాసంస్థకు స్మిత్ అనే మారుపేరుతో విరాళాలిచ్చాడు. దాత ఎవరో 1920 దాకా లోకానికి తెలియదు. మొత్తం మీద 2 కోట్ల డాలర్లు! రాచెస్టర్ విశ్వవిద్యాలయానికి, సంగీత కళాశాలకు, నల్లజాతి విద్యార్థులు చదివే టస్కీగీ సంస్థకూ ధారాళంగా ఇచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. వెన్నెముక జబ్బుతో బాధపడుతూ 1932 మార్చి 14న తన ప్రాణం తానే తీసుకున్నాడు.

తరువాతి కథ ఆయన వారసులది. 1975లో కొడక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమేరా తయారుచేశాడు. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 1991లో నికాన్ కెమేరాకు అమర్చిన 13 లక్షల పిక్సెళ్ల డిజిటల్ మోడల్‌ను కొడక్ మార్కెట్లోకి తెచ్చింది. అంటే దారి ముందు చూసింది వాళ్లే. కాని ఫిల్ము మీద వచ్చే లాభం కాలికి బంధమైంది. 2012 జనవరిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది, ఆ ఏడే డిజిటల్ కెమేరాల తయారీకి స్వస్తి చెప్పింది. మరుసటి ఏడు కోలుకున్నా పాత వైభవం రాలేదు.

ఈస్ట్‌మన్ తనకు అన్నం పెట్టే గాజు పలకను తానే పక్కన పెట్టగలిగాడు. వారసులకు తెలివి తక్కువ కాలేదు, ఆ తెగువే కొరవడింది. పట్టా పుచ్చుకుని బయటికి వెళ్లే మిత్రులు ఆయన కోటీశ్వరత్వం కంటే ఈ తెగువనే జ్ఞాపకం పెట్టుకుంటే మేలు.