బెర్నార్డినో రామజ్జీని

మనము భుజించు అన్నమును, ధరించు వస్త్రమును, నివసించు గృహమును ఎందఱో పనివారి కష్టమువలన మనకు లభించుచున్నవి. ఆ కష్టమే కాలక్రమమున వారి శరీరములను క్షీణింపజేయు విధమును శోధించి, వైద్యలోకమునకు విశదపఱచిన మహనీయుడు రామజ్జీని.

ఈయన 1633వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీని ఇటలీదేశమందలి కార్పి యను పట్టణమున జన్మించెను. పార్మా విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము నభ్యసించి 1659లో పట్టమును పొందెను. పిమ్మట రోమునగరమునకు ఉత్తరముననున్న పల్లెలలో వైద్యము చేయుచు, చలిజ్వరముచే పీడితుడై స్వస్థలమునకు మరలివచ్చెను. 1671లో మొదేనా నగరమున స్థిరపడి, 1682లో అచ్చటి విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

ఆ నగరమున ఇండ్ల మరుగుగుంటలను మూడేండ్ల కొకసారి శుభ్రపఱచు ఆచార ముండెను. ఒకనాడు తన యింటిగుంటలో దిగిన కూలివాడు మిక్కిలి త్వరపడుచుండుట చూచి రామజ్జీని జాలిగొని, అంత ఆయాసపడక మెల్లగా చేయరాదా యని యడిగెను. అందు నాలుగు గంటలకు మించి యుండుట యెంత బాధయో అనుభవించినవారికే తెలియుననియు, అది కన్నులు పోగొట్టుకొనుటతో సమానమనియు అతడు చెప్పెను. వైద్యుడు పరీక్షింపగా అతని కన్నులు ఎఱ్ఱబారి మసకగా నుండెను. పని ముగియగానే యింటికిబోయి, చీకటిగదిలో కూర్చుండి, గోరువెచ్చని నీటితో కన్నులు కడుగుకొనుటయే ఆ పనివార లెఱిగిన చికిత్స. ఆ వృత్తిలో చూపు కోల్పోయి వీథులలో బిచ్చమెత్తుకొనువారు పలువురుండిరి. అట్టి గుంటలలో పుట్టు హైడ్రొజను సల్ఫైడు వాయువు కన్నులకు హానికరమని నేడు మన మెఱుగుదుము.

ఆనాటినుండి ఆయన పనివారి వ్యాధులను శ్రద్ధతో పరిశీలింపసాగెను. ఆచార్యుడనను గర్వములేక హీనములని లోకము తలచిన పనిశాలలకును స్వయముగా పోయి చూచెను. సీసముతో కుండలకు మెఱుగుపెట్టు కుమ్మరులకు చేతులు వణకి, తుదకు పక్షవాతము వచ్చుటను, రాతిపనివారు ధూళిని పీల్చి ఉబ్బసముచే బాధపడుటను గుర్తించెను. వ్రాతగాండ్రకు కలుగు రుగ్మతలకు మూడు కారణములు చూపెను: ఎడతెగక కూర్చుండుట, చేతిని ఒకే రీతిగా కదల్చుట, తప్పు దొరలకుండ మనస్సును బిగబట్టుట. కూర్చుండి పనిచేయువారు సెలవుదినములలోనైన శరీరవ్యాయామము చేయవలెనని బోధించెను.

ఈ పరిశోధనల ఫలముగా పనివారి వ్యాధులనుగూర్చి లాటిను భాషలో ఆయన రచించిన గ్రంథము 1700లో మొదేనాలో వెలువడెను. ప్రాచీన గ్రీకువైద్యుడగు హిప్పొక్రటీసు రోగి నడుగుమని చెప్పిన ప్రశ్నలకు, నీవృత్తి యేమి యను ప్రశ్నను చేర్పవలసినదని ఆయన అందు వైద్యులకు ఉపదేశించెను. ఈ చిన్న ప్రశ్నయే వైద్యశాస్త్రమున నూతనశాఖకు పునాది యయ్యెను.

1700లోనే పాడువా విశ్వవిద్యాలయమునకు ఆహ్వానింపబడి, కంటిచూపు మందగించుచున్నను విద్యాబోధన మానక, మఱికొన్ని వృత్తులను చేర్చి 1713లో గ్రంథమును మరల ప్రకటించెను. 1714 నవంబరు 5వ తేదీని, తన 81వ యేట, పాడువాలో పరమపదించెను.

రక్షణసాధనములు లేక మనుష్యులను మురుగుగుంటలలో దింపరాదని మన దేశమున 2013లో చట్టము చేయబడినది. అయినను చట్టమొక్కటి చాలదు. చూడగల కన్నులును, అడుగగల హృదయమును వలయును. బాలబాలికలారా! మీ యింట, మీ పాఠశాలయందు పనిచేయువారి బాధ నెన్నడైన విచారించితిరా? ఆ విచారణయే రామజ్జీనిని మహనీయుని జేసినది.