రాబర్టు హుకు: తీగచుట్టలోని సరళరేఖ

సరళరేఖా సమీకరణములు బోధించునప్పుడెల్ల ఎవరో యొక విద్యార్థి లేచి, ఈ గీత మాకెందులకు పనికివచ్చునని యడుగుట కలదు. ఆ ప్రశ్నకు నల్లబల్లమీద జవాబు వ్రాయుటకంటె ఒక మనుష్యుని చరిత్రము చెప్పుట మేలని నాకు తోచినది.

ఇంగ్లండు దేశపు దక్షిణతీరమున వైటు ద్వీపమను చిన్న దీవి యున్నది. అందలి ఫ్రెష్‌వాటరు గ్రామమున 1635వ సంవత్సరము జూలై 18వ తేదీని రాబర్టు హుకు జన్మించెను. తండ్రి ఆ గ్రామ దేవాలయమున సహాయ గురువు. బాలుడు పుట్టురోగి. పుస్తకము చేతబట్టినచో తలనొప్పి వచ్చుచుండుటచే తండ్రి వానిని చదువుమని నిర్బంధింపక వాని యిష్టమునకు విడిచిపెట్టెను. ఆ బాలుడు పాత యిత్తడి గడియారము నొకదానిని విప్పి చూచి, అట్టిదానినే కొయ్యతో చేసెను. అది నడిచెను గూడ!

1648లో తండ్రి గతించెను. పదుమూడేండ్ల పిల్లవాడు లండను నగరము చేరి, పీటరు లేలీ యను చిత్రకారునియొద్ద కొలదికాలము పనినేర్చెను. రంగుల వాసన వానికి పడలేదు. పిమ్మట వెస్టుమినిస్టరు పాఠశాలలో బస్బీ పండితుని శిష్యుడయ్యెను. యూక్లిడు రేఖాగణితములో మొదటి ఆరు పుస్తకములను ఒక్క వారములో ముగించెనని చెప్పుదురు. ఇట్టి శిష్యుడు దొరకిన యుపాధ్యాయుడు ధన్యుడు!

తరువాత ఆక్సుఫర్డులో రాబర్టు బాయిలునకు సహాయుడై గాలిని తోడు యంత్రమును నిర్మించెను. 1662లో రాయల్ సొసైటీవారు వారము వారము తమ సభలో ప్రయోగములు చూపుటకు ఆయనను నియమించిరి. మొదట జీతము లేదు. 1665లో సూక్ష్మదర్శినితో చూచిన వింతలను గొప్ప పటములతో ప్రకటించెను. బెండులో కనబడిన చిన్న గదులకు ఆయన పెట్టిన పేరే నేటి జీవకణమునకు నిలిచినది. 1666లో లండను దగ్ధమైనప్పుడు ఇండ్లస్థలములను కొలిచి హద్దులు నిర్ణయించినవారిలో ఆయన యొకడు. ఆ యగ్నిప్రమాదమునకు గుర్తుగా క్రిస్టఫరు రెన్నుతో కలిసి కట్టించిన 202 అడుగుల స్తంభము నేటికిని నిలిచియున్నది.

ఇక మన గీతకు వత్తము. హుకు తీగచుట్టలను, గడియారపు కమానులను, ఇరువది ముప్పది అడుగుల పొడవుగల తీగలను వ్రేలాడదీసి, వానికి బరువులు కట్టి, ఎంతెంత సాగుచున్నవో కొలిచెను. ఒక బరువునకు ఎంత సాగెనో, రెండు బరువులకు దానికి రెట్టింపు, మూడింటికి మూడురెట్లు సాగుచుండెను. బరువెంతో సాగుదల యంత.

బరువు లేనప్పుడు 10 సెంటీమీటర్ల పొడవుండి, కిలోగ్రామునకు 2 సెంటీమీటర్ల చొప్పున సాగు తీగచుట్ట యొకటి మనయొద్ద నున్నదనుకొందము. దాని పొడవు = 10 + 2 × బరువు. ఒకటికి 12, రెండింటికి 14, మూడింటికి 16. గీతల కాగితముమీద ఈ చుక్కలను పెట్టి చూడుడు, ఒకే గీతపై నిలుచును. ఇప్పుడొక చేపను తగిలింపగా పొడవు 15 అయ్యెను. చేప బరువు రెండున్నర కిలోలు. తూకపురాళ్లతో పనిలేదు. స్ప్రింగు త్రాసు ఇట్లే పనిచేయును. సమీకరణములోని 2 గీతయొక్క వాలు. 10 గీత బయలుదేరు చోటు. పాత కాగితములు కొనువాడు మీ యింటికి వచ్చినప్పుడు, కట్టను తగిలింపకమునుపు ముల్లు సున్నమీద నున్నదో లేదో చూడుడు. లేనిచో బయలుదేరు చోటు తప్పినది, ప్రతి తూకమును ఆ మేరకు తప్పును.

అయితే ఈ గీతకు అంతము కలదు. మితిమీరి బరువు వేసినచో తీగ నియమమునకు మించి సాగి, బరువు తీసినను తొల్లింటి పొడవునకు రాదు. అచ్చట గీత వంగిపోవును. అందుచేతనే వంతెనలు కట్టు ఇంజనీర్లు ఇనుపకడ్డీలను గీత తిన్నగా నున్నంతవరకే, అదియు చాల లోపలనే, బరువు మోయనిత్తురు.

ఈ నియమమును హుకు 1660 ప్రాంతముననే కనుగొనెను, కాని దాచియుంచెను. కారణము గడియారము. కమాను లాగు బలము జరిగిన దూరమునకు సరిగా అనుపాతములో నున్నచో, ఊగు చక్రము ఎక్కువ ఊగినను తక్కువ ఊగినను పట్టు కాలమొక్కటే. ఈ యుపాయముతో గడియారము చేసి లాభము పొందవలెనని ఆయన తలంపు. ఇంతలో 1675లో హాలండుదేశీయుడగు హైగెన్సు చుట్టకమాను గల గడియారమును ప్రకటించెను. హుకు మండిపడెను. ఆ మరుసటి యేట తన నియమమును అక్షరములు కలగాపులగముచేసి పొడుపుకథవలె అచ్చువేయించి, 1678లో దానిని విప్పిచెప్పెను. దాచుటవలన ఆయనకు కలిగిన లాభమేమియు నాకు కనబడదు. మొదటనే చెప్పియున్నచో వాదమే లేకపోయెడిది.

న్యూటనుతో కలహము ఇంతకంటె కఠినమైనది. ఆకర్షణశక్తి దూరపు వర్గమునుబట్టి తగ్గునను భావమును తానే న్యూటనునకు తెలిపితినని హుకు వాదించెను. ఊహించుట వేరు, గణితముచే నిరూపించుట వేరు, నిరూపణము న్యూటనుదే. అయినను హుకునకు దక్కవలసిన కొంత గౌరవము దక్కలేదనియే నా యభిప్రాయము.

కడపటి దినములలో చూపు మందగించి, కాళ్లు వాచి, 1703వ సంవత్సరము మార్చి 3వ తేదీని గ్రెషాము కళాశాలలోని తన గదిలో ఆయన మరణించెను. నిశ్చయముగా ఆయనదేయని చెప్పదగిన పటమొక్కటియు నేడు లేదు. పేదవానివలె జీవించిన ఆయన గదిలో నొక పెట్టెను తెరువగా వేలకొలది పౌనులు కనబడెను. ఆ ధనముతో రాయల్ సొసైటీకి భవనమును ప్రయోగశాలను కట్టింపవలెనని ఆయన యుద్దేశమని మిత్రులెరుగుదురు. కాని మరణశాసనముపై వ్రాలు చేయలేదు. ధనము బంధువులకు పోయెను.