రాధాబినోద్ పాల్: టోక్యో న్యాయస్థానంలో వినిపించని తీర్పు

టోక్యోలోని అంతర్జాతీయ సైనిక న్యాయస్థానంలో 1948 నవంబరు 4న మొదలైన తీర్పు పఠనం 12వ తేదీ వరకు సాగింది. జపాన్ యుద్ధకాల నాయకులు 25 మందిని దోషులుగా ప్రకటించి, వారిలో ఏడుగురికి ఉరిశిక్ష విధించారు. 11 మంది న్యాయమూర్తులలో ఒకరు మాత్రం నిందితులందరూ నిర్దోషులేనని 1,200కు పైగా పుటల తీర్పు రాశారు. ఆయన భారతీయుడైన డాక్టర్ రాధాబినోద్ పాల్. ఆ తీర్పును న్యాయస్థానంలో చదవనేలేదు.

పాల్ 1886 జనవరి 27న నాటి బెంగాల్‌లోని నదియా జిల్లాలో జన్మించారు. ఆయన స్వగ్రామం నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివి, మైమెన్‌సింగ్‌లో గణితోపాధ్యాయునిగా పనిచేశారు. తరువాత న్యాయశాస్త్రం వైపు మళ్లి డాక్టరేట్ పొందారు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా, 1944 నుంచి 1946 వరకు కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా సేవలందించారు.

నియమావళిపై అభ్యంతరం

టోక్యో న్యాయస్థాన నియమావళిని 1946 జనవరిలో జారీచేసింది మిత్రరాజ్యాల సర్వసేనాని జనరల్ మెక్‌ఆర్థర్. న్యాయమూర్తులను నియమించిందీ, శిక్షలను సమీక్షించే అధికారం కలవారూ ఆయనే. సాక్ష్యాలకు సంబంధించిన సాంకేతిక నియమాలకు న్యాయస్థానం కట్టుబడనవసరం లేదని ఆ నియమావళి పేర్కొంది. సంతకం రుజువు కాని పత్రాలు, దినచర్య పుస్తకాలు, ప్రమాణం చేయకుండా ఇచ్చిన వాంగ్మూలాలు సైతం స్వీకరించవచ్చు. వాంగ్మూలమిచ్చినవారు ఎదుట లేనప్పుడు, వారిని క్రాస్ ఎగ్జామినేషన్ చేసే అవకాశం నిందితులకు ఎక్కడిది?

విజేతలు న్యాయస్థానాన్ని నెలకొల్పవచ్చునే గాని, కొత్త నేరాన్ని సృష్టించి గతానికి వర్తింపజేయలేరని పాల్ భావించారు. నాన్‌జింగ్‌లోనూ ఫిలిప్పీన్స్‌లోనూ జరిగిన ఘోరాలను ఆయన కాదనలేదు. వాటికి సాక్ష్యం బలంగా ఉందని అంగీకరించారు. అయితే వాటిని ఆ నాయకులే ఆదేశించారని గానీ, ఉద్దేశపూర్వకంగా జరగనిచ్చారని గానీ రుజువు కాలేదని తేల్చారు.

మూసి ఉంచిన కారణాలు

తీర్పును, దానికి ఆధారమైన కారణాలను బహిరంగంగా ప్రకటించాలని నియమావళే చెప్పింది. భిన్నాభిప్రాయాలను కూడా చదవాలని నిందితుల న్యాయవాదులు కోరినా న్యాయస్థానం తిరస్కరించింది. అవి రికార్డులలో చేరాయే తప్ప ప్రజలకు వినిపించలేదు. డిసెంబరు 23న ఉరిశిక్షలు అమలయ్యాయి. జపాన్‌లో పాల్ తీర్పు ప్రచురణకు 1952లో ఆక్రమణ పాలన ముగిసేవరకు ఆగవలసి వచ్చింది. మరుసటి ఏడాది కలకత్తాలో ఆంగ్ల ప్రతి వెలువడింది.

పాల్‌పై విమర్శలూ ఉన్నాయి. అనేక రోజుల విచారణకు ఆయన హాజరు కాలేదు. యుద్ధ బాధ్యతను నిరాకరించే జపాన్ జాతీయవాదులు ఆయన తీర్పులో తమకు అనుకూలమైన భాగాలనే వాడుకున్నారు. ఘోరాల గురించి ఆయన రాసిన పుటలను విస్మరించారు.

అనంతరం ఆయన ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘంలో సభ్యులై, రెండుసార్లు అధ్యక్షత వహించారు. 1959లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1967 జనవరి 10న కలకత్తాలో కన్నుమూశారు.

హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో నేడు భిన్నాభిప్రాయం తీర్పుతో పాటే ప్రచురితమవుతుంది. ఏకాభిప్రాయం లేనప్పుడు ఇరుపక్షాల అభిప్రాయాలూ నిర్ణయంలో ఉండాలని అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానపు రోమ్ శాసనం నిర్దేశిస్తోంది. పాల్ వాదనతో ఏకీభవించడం, విభేదించడం వేరు. తీర్పు వెలువడిన నాడే దానిని విని, ఆ సంగతి తేల్చుకునే అవకాశం టోక్యోలో ప్రజలకు దక్కలేదు.