అడవికి బాట వేసిన కల్నల్ చార్లెస్ యంగ్

ప్రతి వార్షిక సంచికలోనూ మహనీయుల జీవితాలకు కొన్ని పేజీలు కేటాయించడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి, జాషువా, భాగ్యరెడ్డి వర్మ గార్ల గురించి మన సీనియర్లు ఎన్నోసార్లు, నాకంటే ఎంతో బాగా రాశారు. అందుకని ఈసారి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించని ఒక పేరు ఎంచుకున్నాను. ఆయన కల్నల్ చార్లెస్ యంగ్. అమెరికాలో ఆయన ఇంటిని జాతీయ స్మారకంగా కాపాడుతున్నారు. ఒక రహదారికి ఆయన పేరు పెట్టుకున్నారు. బానిస తల్లిదండ్రులకు పుట్టి, సైన్యంలో అధికారి అయి, ఒక జాతీయ పార్కు బాధ్యతలు చూసిన మొట్టమొదటి నల్లజాతి మనిషి ఆయనే.

ఆయన నాకు తెలిసింది అనుకోకుండా. మన హాస్టల్లో నాకంటే ముందు చదివి ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న, వేసవి సెలవుల్లో సెకోయా నేషనల్ పార్కులో రెండు రోజులు ట్రెక్కింగ్ చేయాలనుకుంటున్నానని, ఏయే దారులు నడవదగినవో కాస్త వెతికిపెట్టమని అడిగాడు. నేను ఆ పార్కు చరిత్ర చదువుతూ పోతే, దారుల కంటే ముందు ఆ దారి వేసినవాడు దొరికాడు.

1864 మార్చి 12న కెంటకీ రాష్ట్రంలో మేస్ లిక్ అనే చిన్న పల్లెలో చార్లెస్ యంగ్ పుట్టాడు. అప్పటికి అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. తండ్రి గాబ్రియేల్, తల్లి ఆర్మింటా ఇద్దరూ బానిసలే, కాబట్టి పుట్టిన బిడ్డా బానిసే. మరుసటి ఏడాది తండ్రి యజమాని దగ్గర నుంచి తప్పించుకుని, లింకన్ పక్షాన పోరాడుతున్న నల్లజాతి ఫిరంగి దళంలో చేరాడు. యుద్ధం ముగిశాక కుటుంబం ఒహాయో నది దాటి రిప్లే అనే ఊరు చేరింది. ఆ నదికి ఒక గట్టు బానిసత్వం, ఇంకో గట్టు స్వేచ్ఛ. అంతకుముందు ఎందరో బానిసలు రాత్రిళ్ళు ఆ నది దాటి రిప్లేలో తలదాచుకున్నారు.

రిప్లేలో చార్లెస్ తెల్లపిల్లలతో కలిసి చదివి 1881లో హైస్కూలు పూర్తిచేశాడు. నల్లజాతి పిల్లల బడిలో పంతులుగా చేరాడు. పియానో, వయొలిన్ వాయించేవాడు, భాషలంటే ప్రాణం. అంతటితో స్థిరపడి ఉంటే గౌరవంగానే బతికేవాడు. కానీ దేశంలోకెల్లా పెద్ద సైనిక విద్యాలయం వెస్ట్ పాయింట్ ప్రవేశ పరీక్ష రాయమని తండ్రి ప్రోత్సహించాడు. పరీక్షలో రెండో స్థానం వచ్చింది, సీటు మొదటి స్థానం వాడికి పోయింది. ఆ అబ్బాయి మధ్యలో మానేయడంతో 1884లో చార్లెస్‌కు అవకాశం దక్కింది. వెయిటింగ్ లిస్టులో ఉండి సీటు తెచ్చుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు కదా!

వెస్ట్ పాయింట్‌లో ఆయన గడిపిన ఏళ్ళ గురించి చదువుతుంటే నాకు కడుపులో దేవినట్టయింది. కొట్టడం, తిట్టడం కంటే పెద్ద శిక్ష మాట్లాడకపోవడం. తోటి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆయనతో అవసరానికి తప్ప పలకరింపు కూడా లేకుండా గడిపారు. మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పి, ఆ ఏడాది మళ్ళీ చదివాడు. నాలుగేళ్ళ చదువు అయిదేళ్ళయింది. చివర్లో ఇంజనీరింగ్ పరీక్ష కూడా పోయింది. అప్పుడు జార్జ్ గోథల్స్ అనే తెల్ల అధ్యాపకుడు ప్రత్యేకంగా పాఠాలు చెప్పాడు. తరువాతి కాలంలో పనామా కాలువ కట్టించిన గోథల్స్ ఈయనే. మళ్ళీ పరీక్ష రాసి 1889లో పట్టా అందుకున్నాడు. తరగతిలో 49 మంది ఉంటే ఈయన ర్యాంకు 49. మా ఇంట్లో డిగ్రీ అనే మాట నాతోనే మొదలైంది, పుస్తకం తెరిచి అర్థం కాకపోతే అడగడానికి ఇంట్లో మనిషి లేకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే ఆ 49వ ర్యాంకు నాకు చిన్నదిగా కనిపించలేదు. వెస్ట్ పాయింట్ నుంచి పట్టా పొందిన మూడో నల్లజాతి యువకుడు ఆయన. నాలుగోవాడు బయటికి వచ్చింది 1936లో. మధ్యలో 47 ఏళ్ళు ఒక్కరూ లేరు.

(అదే రోజుల్లో, 1890ల మొదట్లో, మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసింది. సుబేదార్ రాంజీ గారి కొడుకు భీమ్‌రావ్ అప్పటికి పసివాడు.)

పట్టా వచ్చింది కానీ పోస్టింగు కష్టమైంది. తెల్ల సైనికుల మీద నల్ల అధికారిని పెట్టడానికి సైన్యం ఒప్పుకోదు. అందుకని ఉద్యోగ జీవితంలో ఎక్కువకాలం నల్లజాతి గుర్రపు దళాలైన 9వ, 10వ కావల్రీల్లోనే తిరిగాడు. బఫెలో సోల్జర్స్ అని పేరుపొందిన దళాలు ఇవే. 1894 నుంచి కొన్నాళ్ళు ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీలో సైనిక శాస్త్రం బోధించాడు. అక్కడే డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అనే యువ అధ్యాపకుడితో స్నేహం కుదిరింది, జీవితాంతం నిలిచింది. 1946లో మన అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. తరువాత ఒక కోటలో పనిచేస్తున్నప్పుడు బెంజమిన్ డేవిస్ అనే సార్జెంటును కూర్చోబెట్టి ఆఫీసరు పరీక్షకు చదివించాడు. ఆ డేవిసే 1940లో అమెరికా సైన్యంలో మొదటి నల్లజాతి జనరల్ అయ్యాడు. 1936లో వెస్ట్ పాయింట్ పట్టా పుచ్చుకున్నది డేవిస్ గారి అబ్బాయి. ఫిలిప్పీన్స్ ప్రజల మీద అమెరికా చేసిన యుద్ధంలో కూడా యంగ్ పాల్గొన్నాడు. తమ దేశం కోసం పోరాడుతున్న మనుషుల మీద అది సాగిన యుద్ధం. మహనీయుడని రాస్తూ ఆ సంగతి దాచడం నాకు ఇష్టం లేదు.

ఇక 1903 వేసవికి వద్దాం. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ వేసవే.

సెకోయా నేషనల్ పార్కు 1890 సెప్టెంబరు 25న ఏర్పడింది. ప్రపంచంలో అతి పెద్ద చెట్లు ఉన్నది అక్కడే. జనరల్ షెర్మన్ అనే చెట్టు ఎత్తు సుమారు 275 అడుగులు, మొదట్లో చుట్టుకొలత నూరు అడుగులు దాటుతుంది, వయసు రెండువేల ఏళ్ళకు పైమాటే. కాని పార్కు అని కాగితం మీద ప్రకటించి పదమూడేళ్ళయినా మామూలు మనిషి అక్కడికి చేరే దారి లేదు. పార్కుకు సొంత సిబ్బంది కూడా పెద్దగా లేరు. వేసవి వచ్చిందంటే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సైనికులు వెళ్ళి, గొర్రెల మందలు పడకుండా, చెట్లు నరకకుండా కాపలా కాసి, చలికి ముందు దిగి వచ్చేవారు. దారి కథ కూడా చిత్రమైనది. పార్కు రాకముందు కావియా కాలనీ అనే సోషలిస్టుల బృందం చెమటోడ్చి కొండల మీదికి కొంతదూరం రోడ్డు వేసింది. షెర్మన్ చెట్టును వాళ్ళు కార్ల్ మార్క్స్ చెట్టు అని పిలుచుకున్నారు! పార్కు రావడంతో వాళ్ళకు భూమీ దక్కలేదు, చెట్టుకు ఆ పేరూ మిగల్లేదు. రోడ్డు మాత్రం పెద్ద చెట్లకు కొన్ని మైళ్ళ ఇవతల ఆగిపోయింది. తరువాత వచ్చిన సైనికాధికారులు ఏడాదికి కొంచెం చొప్పున పొడిగిస్తూ వచ్చారు.

ఆ ఏడాది కెప్టెన్ యంగ్‌కు పార్కు తాత్కాలిక సూపరింటెండెంటుగా ఉత్తర్వులు వచ్చాయి. దళంతో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 16 రోజుల్లో 323 మైళ్ళు గుర్రాల మీద వెళ్ళాడు. అంటే సుమారు 520 కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి విజయవాడ పోయి వచ్చినంత. చేరగానే రోడ్డు పని మొదలుపెట్టించాడు. కొండ తొలచాలి, రాళ్ళు పేల్చాలి, వాలు చూసి మలుపులు తిప్పాలి. వెస్ట్ పాయింట్‌లో ఇంజనీరింగ్ పరీక్ష తప్పిన మనిషి ఇక్కడ ఇంజనీరు పని చేయించాడు. అంతకుముందు మూడేళ్ళలో కలిపి వేసినదానికంటే ఎక్కువ రోడ్డు ఆ ఒక్క వేసవిలో పడింది. ఆగస్టు నడిమికల్లా బండ్లు మొదటిసారిగా జెయింట్ ఫారెస్టులోకి వెళ్ళాయి. అక్కడితో ఆపకుండా మోరో రాక్ అనే పెద్ద బండ మొదలు దాకా రోడ్డు పొడిగించాడు. పని పూర్తయ్యాక పనివాళ్ళకు, చుట్టుపక్కల ఊళ్ళవారికి ఆ మహావృక్షాల నీడలో విందు పెట్టించాడు.

ఒక నల్లజాతి కెప్టెన్ తమ కొండల్లోకి అధికారిగా వచ్చాడని మొదట ఆ ఊళ్ళవాళ్ళు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు. పోయేటప్పుడు మాత్రం ఒక పెద్ద చెట్టుకు ఆయన పేరు పెడతామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. బానిసగా పుట్టి విద్యావేత్తగా ఎదిగిన బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టమన్నాడు. ఇరవై ఏళ్ళ తరువాత కూడా మీకు అదే అభిప్రాయం ఉంటే అప్పుడు నా పేరు సంగతి చూడండి అన్నాడట. అలాగే పార్కు మధ్యలో ఉన్న ప్రైవేటు భూములను ప్రభుత్వం కొనాలని, యజమానులతో ధర మాట్లాడి మరీ నివేదిక రాశాడు. అది వెంటనే జరగలేదు. 1916లో ప్రభుత్వం, నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ కలిసి డబ్బు పెట్టి జెయింట్ ఫారెస్టు భూములు కొన్నాయి.

ఆ తరువాతి జీవితం తొందరగా చెబుతాను. 1904లో ఆడా మిల్స్‌ను పెళ్ళాడాడు, ఇద్దరు పిల్లలు. హైతీలో, లైబీరియాలో అమెరికా సైనిక ప్రతినిధిగా పనిచేశాడు. 1916లో మెక్సికో సరిహద్దు దాటి వెళ్ళిన సేనలో చిక్కుల్లో పడిన తెల్ల దళానికి తన గుర్రపు దళంతో వెళ్ళి అండగా నిలిచాడు. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. వరుస ప్రకారం ఆయన జనరల్ కావలసిన సమయం. ఒక నల్ల అధికారి కింద పనిచేయలేనని ఒక తెల్ల లెఫ్టినెంటు పెట్టుకున్న మొర, సెనేటరు ద్వారా ప్రెసిడెంటు విల్సన్ దాకా వెళ్ళింది. డాక్టర్లు రక్తపోటు, మూత్రపిండాల జబ్బు అన్నారు. కల్నల్ హోదా ఇచ్చి ఇంటికి పంపారు.

ఆయన అర్జీలతో సరిపెట్టుకోలేదు. 1918 జూన్‌లో విల్బర్‌ఫోర్స్‌లోని తన ఇంటి ముందు గుర్రం ఎక్కి, రాజధాని వాషింగ్టన్ దాకా 497 మైళ్ళు వెళ్ళాడు. గుర్రానికి విశ్రాంతి కోసం ప్రతి గంటలో పావుగంట దిగి నడిచాడు. అప్పటికి వయసు 54. పట్టిన రోజులు 16. సెకోయాకు 323 మైళ్ళు వెళ్ళడానికి పదిహేనేళ్ళ కిందట పట్టిన రోజులూ అవే! ఇంత చేసినా, యుద్ధం ఇంకో అయిదు రోజుల్లో ముగుస్తుందనగా, నవంబరు 6న మళ్ళీ విధుల్లోకి తీసుకున్నారు. తరువాత లైబీరియాకు పంపారు. 1922 జనవరి 8న నైజీరియాలోని లాగోస్‌లో జబ్బుతో కన్నుమూశాడు. మరుసటి ఏడాది భౌతికకాయాన్ని తెచ్చి ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. బతికుండగా ఇవ్వని బ్రిగేడియర్ జనరల్ హోదా 2022లో ప్రకటించారు. ఆ వందేళ్ళ ఆలస్యాన్ని గౌరవం అనాలో ఇంకేమనాలో నాకు తెలియదు.

ఇక నడకకు వెళ్ళాలనుకునే పూర్వ విద్యార్థుల కోసం నాలుగు మాటలు. మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పటి నుంచి కొండల నడక మన ఇళ్ళల్లో కొత్తమాట కాదు. సెకోయాకు త్రీ రివర్స్ అనే ఊరి మీదుగా వెళ్ళాలి. పార్కు గుమ్మం దగ్గర ఎత్తు 1,700 అడుగులు, జెయింట్ ఫారెస్టు 6,400 అడుగులు. కింద ఎండ మండుతున్నా పైన చలి ఉంటుంది, స్వెట్టరు మరవకూడదు. లోపల పెట్రోలు బంకు లేదు, ఫోను సిగ్నలు నమ్మరాదు. ఎలుగుబంట్లు తిరుగుతాయి గనుక తిండి సామాను కారులో వదలకుండా అక్కడి ఇనుప పెట్టెల్లోనే దాచాలి. 2020, 2021 సంవత్సరాల్లో కార్చిచ్చులు ఎన్నో పెద్ద చెట్లను బలి తీసుకున్నాయి. ఏ దారి తెరిచి ఉందో పార్కు వెబ్‌సైటులో చూసుకున్నాకే బయలుదేరాలి.

మొదటి రోజు షెర్మన్ చెట్టు, దాని పక్కనే మొదలయ్యే కాంగ్రెస్ ట్రెయిల్ చాలు. రెండు మూడు మైళ్ళ చదునైన నడక, అలవాటు లేనివారికీ కష్టం ఉండదు. రెండో రోజు పొద్దున్నే మోరో రాక్. మూడువందల యాభైకి పైగా మెట్లు. ఉరుములు మెరుపులు కనిపిస్తే ఎక్కకూడదు. క్రెసెంట్ మెడో నుంచి మొదలయ్యే హై సియెరా ట్రెయిల్ మీద రాత్రి బస చేయాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఆ మెడోకు, మోరో రాక్‌కు పోయే రోడ్డు వెంబడే బుకర్ టి. వాషింగ్టన్ చెట్టు ఉంది. 2004లో పేరు పెట్టిన కల్నల్ యంగ్ చెట్టు కూడా అక్కడే ఉంది. చలికాలంలో మంచు పడి ఆ రోడ్డు మూసేస్తారు, కాబట్టి జూన్‌కూ సెప్టెంబరుకూ మధ్య వెళ్తే మంచిది.